విద్యార్థి రాయబారులు

ఉద్దేశం: కంప్యూటరును వాడడం ఒక నేర్పు. అది ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోవడం మరొక నేర్పు. తెలుసుకున్నదాన్ని పదిమందికి నిజాయితీగా చెప్పడం ఈ రెండింటికంటె కష్టం. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను విశ్వవిద్యాలయాలలో తోటివారికి పరిచయం చేసిన విద్యార్థులను గురించి, ఆ పనిలోని మంచిచెడ్డలను గురించి తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. ఇది వ్యాస ప్రక్రియకు చెందినది.

రాయబారం అనగానే తెలుగువారికి శ్రీకృష్ణ రాయబారం గుర్తుకు వస్తుంది. ఊరూరా ఆడిన పౌరాణిక నాటకాలలో ఆ ఘట్టం చూడడానికి జనం తెల్లవారుజాము దాకా మేలుకొని కూర్చునేవారు. పాండవుల పక్షాన శ్రీకృష్ణుడు హస్తినాపురానికి వెళ్ళాడు. అంతకుముందు ధృతరాష్ట్రుని పక్షాన సంజయుడు పాండవుల దగ్గరికి వచ్చి వెళ్ళాడు. ఇద్దరూ రాయబారులే. ఒకరి మాటను మరొకరికి చేరవేయడంతో రాయబారి పని తీరిపోదు. తాను ఎవరి పక్షాన వచ్చాడో అతడు దాచకూడదు. ఎదుటివారి సందేహాలకు జవాబు చెప్పగలగాలి. తన పక్షంలోని లోపాన్ని అడిగితే మాట దాటవేయకూడదు.

ఇరవై ఒకటవ శతాబ్దం మొదటి దశకంలో విశ్వవిద్యాలయాలలో ఒక కొత్తరకం రాయబారులు కనిపించసాగారు. వీరు ఏ రాజు తరఫునా రాలేదు. వీరంతా విద్యార్థులే. తమతో కలిసి చదువుకునే వారికి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను పరిచయం చేయడం వీరు చేపట్టిన పని. ఆ పని ఎందుకు అవసరమయిందో తెలియాలంటే, ముందుగా ఓపెన్ సోర్స్ అంటే ఏమిటో తెలుసుకోవాలి.

కంప్యూటరు తనంతట తాను ఏ పనీ చేయలేదు. ఏ పని తరువాత ఏ పని చేయాలో వరుసగా చెప్పే ఆదేశాలు దానికి కావాలి. ఆ ఆదేశాల సముదాయమే సాఫ్ట్‌వేర్. నిపుణులు ఈ ఆదేశాలను మనుషులు చదివి అర్థం చేసుకోగలిగిన రూపంలో రాస్తారు. దీనినే సోర్స్ కోడ్ అంటారు. తరువాత దీనిని యంత్రానికి మాత్రమే అర్థమయ్యే సున్నాలు, ఒకట్ల రూపంలోకి మారుస్తారు. అంగడిలో కొనుక్కునే సాఫ్ట్‌వేర్ సాధారణంగా ఈ రెండవ రూపంలోనే చేతికి వస్తుంది. దానితో పని చేయించుకోవచ్చు గాని, లోపల ఏముందో చదవడానికి వీలుండదు.

పూర్వం పల్లెల్లో కొందరు వైద్యులుండేవారు. వారి మందు బాగా పనిచేసేది. అయితే అందులో ఏ వేరు, ఏ ఆకు, ఎంత పాళ్ళలో కలిపారో చెప్పేవారు కారు. కొందరు కన్నకొడుకుకు కూడా చెప్పకుండానే కన్నుమూశారు. వైద్యునితోపాటు మందు కూడా పోయింది. మరికొందరు తమ యోగాలను తాటాకుల మీద రాసిపెట్టారు, శిష్యులకు చెప్పారు. ఆ మందులు నిలిచాయి. తరువాతి వారు వాటిని మెరుగుపరిచారు కూడా. సోర్స్ కోడ్ దాచిన సాఫ్ట్‌వేర్ మొదటి వైద్యుని మందువంటిది. సోర్స్ కోడ్‌ను అందరికీ అందుబాటులో ఉంచిన సాఫ్ట్‌వేర్ రెండవ వైద్యుని మందువంటిది. ఈ రెండవదాన్నే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అంటారు.

ఈ ఉద్యమం విశ్వవిద్యాలయంలోనే పుట్టింది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో కృత్రిమ మేధ ప్రయోగశాల ఉండేది. అందులో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు పనిచేసేవాడు. 1980 ప్రాంతంలో ఆ ప్రయోగశాలకు ఒక కొత్త లేజరు ప్రింటరు వచ్చింది. అందులో కాగితం తరచుగా ఇరుక్కుపోయేది. ప్రింటరు ఒక చోట, పనిచేసేవారు మరొకచోట ఉండడంవల్ల కాగితం ఇరుక్కున్న సంగతి చాలాసేపటిదాకా ఎవరికీ తెలిసేది కాదు. అంతకుముందున్న పాత ప్రింటరులోనూ ఇదే ఇబ్బంది ఉండేది. స్టాల్‌మన్ దాని సాఫ్ట్‌వేర్‌ను సవరించి, కాగితం ఇరుక్కోగానే అందరికీ కబురు అందే ఏర్పాటు చేశాడు. కొత్త ప్రింటరుకు కూడా అట్లాగే చేద్దామనుకుంటే దాని సోర్స్ కోడ్ ఇవ్వలేదు. మరొక విశ్వవిద్యాలయంలో ఒకరి దగ్గర అది ఉందని తెలిసి, వెళ్ళి అడిగాడు. ఎవరికీ ఇవ్వనని మాట ఇచ్చాను కాబట్టి ఇవ్వలేనని ఆయన బదులు చెప్పాడు.

ఇది చూడడానికి చిన్న సంగతే. కాని స్టాల్‌మన్ దీనిని చిన్నదిగా భావించలేదు. బాగుచేయగలిగినవాడు ఎదురుగా ఉండి కూడా, బాగుచేయడానికి వీలు లేకపోవడం అన్యాయమని అతనికి తోచింది. 1983 సెప్టెంబరులో గ్నూ అనే ప్రణాళికను ప్రకటించాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌ను స్థాపించాడు. సాఫ్ట్‌వేర్ వాడేవారికి నాలుగు స్వేచ్ఛలు ఉండాలని ఈ ఉద్యమం చెబుతుంది. ఏ ప్రయోజనానికైనా దానిని వాడుకునే స్వేచ్ఛ మొదటిది. అది ఎట్లా పనిచేస్తుందో చదివి, అవసరమైనట్లు మార్చుకునే స్వేచ్ఛ రెండవది. ఇతరులకు దాని ప్రతులు ఇచ్చే స్వేచ్ఛ మూడవది. తాను మెరుగుపరచిన దానిని కూడా నలుగురికీ పంచే స్వేచ్ఛ నాలుగవది.

ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. అందువల్ల వెల లేకుండా ఇచ్చేదే ఫ్రీ సాఫ్ట్‌వేర్ అని చాలామంది పొరబడ్డారు. తెలుగులో ఈ చిక్కు లేదు. ‘ఉచితం’ వేరు, ‘స్వేచ్ఛ’ వేరు. ఉచితంగా దొరికినదానిలో స్వేచ్ఛ లేకపోవచ్చు. స్వేచ్ఛ ఉన్న సాఫ్ట్‌వేర్‌ను డబ్బు తీసుకొని అమ్మవచ్చు కూడా. ‘ఓపెన్ సోర్స్’ అనే పేరు 1998లో వాడుకలోకి వచ్చింది. స్వేచ్ఛ అనే విలువను ముందుగా చెప్పేవారు మొదటి పేరును, కలిసి పనిచేయడంవల్ల కలిగే ప్రయోజనాన్ని ముందుగా చెప్పేవారు రెండవ పేరును ఎక్కువగా వాడుతారు.

1991లో ఫిన్లాండు దేశంలోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో లినస్ టోర్వాల్డ్స్ అనే ఇరవై ఒక్క ఏళ్ళ విద్యార్థి, తన కంప్యూటరు కోసం ఒక ఆపరేటింగ్ సిస్టం రాయడం మొదలుపెట్టాడు. ఇది కేవలం సరదాకు చేస్తున్న పని అని ఆ ఏడాది ఆగస్టులో అందరికీ తెలియజేశాడు. 1992లో దానిని గ్నూ వారి లైసెన్సు కింద విడుదల చేశాడు. ఆనాటినుంచి వేలాదిమంది దానికి తలా ఒక చేయి వేశారు. అదే లినక్స్. ఈనాడు ప్రపంచంలోని పెద్ద సర్వర్లలో అత్యధిక భాగం లినక్స్ మీదనే నడుస్తున్నాయి. ఆండ్రాయిడ్ చేతిఫోన్లకు కూడా ఇదే ఆధారం.

ఇంత మంచి వస్తువుకు మళ్ళీ రాయబారులు ఎందుకు అనే సందేహం కలగవచ్చు. దీనికి కారణం అలవాటు. కళాశాల ప్రయోగశాలలో ఏ సాఫ్ట్‌వేర్ ఉంటే విద్యార్థి దానినే నేర్చుకుంటాడు. ఉద్యోగంలో చేరిన తరువాత దానినే అడుగుతాడు. సంస్థ దానినే కొంటుంది. కొత్తగా చేరేవారికి అదే తెలిసి ఉండాలంటుంది. అందువల్ల కళాశాల మళ్ళీ దానినే నేర్పుతుంది. ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది. దీనిని మార్చాలంటే విద్యార్థి దశలోనే మార్చాలి. ఈ సంగతి సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థలకూ తెలుసు, ఓపెన్ సోర్స్‌ను కోరేవారికీ తెలుసు. విద్యార్థి మాటను విద్యార్థి వింటాడు. పక్క గదిలో ఉండేవాడు, పరీక్షల ముందు కలిసి చదివేవాడు చెప్పిన మాటకు ఉండే బలం గోడమీది ప్రకటనకు ఉండదు.

ఈ పద్ధతిని పెద్ద ఎత్తున అనుసరించిన సంస్థలలో సన్ మైక్రోసిస్టమ్స్ ఒకటి. ఈ సంస్థ పుట్టుక కూడా విశ్వవిద్యాలయానికి సంబంధించినదే. ‘సన్’ అనేది సూర్యుని పేరు కాదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు నెట్‌వర్కు పేరులోని పొడి అక్షరాలు కలిస్తే ఆ మాట ఏర్పడింది. 1982లో దీనిని స్థాపించినవారిలో పుణెలో పుట్టి, ఢిల్లీ ఐ.ఐ.టి.లో చదివిన వినోద్ ఖోస్లా ఒకరు. జావా అనే ప్రోగ్రామింగు భాష, సొలారిస్ అనే ఆపరేటింగ్ సిస్టం ఈ సంస్థ తయారుచేసినవే. 2000లో ఈ సంస్థ ఆఫీసు పనులకు ఉపయోగించే తన సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్‌ను ఓపెన్ ఆఫీస్ పేరుతో బయటపెట్టింది. 2005 జూన్‌లో సొలారిస్ సోర్స్ కోడ్‌ను ఓపెన్ సొలారిస్ పేరుతో విడుదల చేసింది. 2006 నవంబరులో జావాను కూడా గ్నూ లైసెన్సు కిందికి తెస్తున్నట్లు ప్రకటించింది.

ఆ సంవత్సరాలలోనే సన్ సంస్థ అనేక దేశాల విశ్వవిద్యాలయాలలో క్యాంపస్ ఎంబాసిడర్లను నియమించింది. భారతదేశంలోని ఇంజనీరింగు కళాశాలలలో కూడా వీరు ఉండేవారు. ఎంబాసిడర్ అంటే రాయబారి. వీరు తమ చదువు మానకుండానే, వారంలో కొన్ని గంటలు ఈ పనికి కేటాయించేవారు. సంస్థ వీరికి శిక్షణ ఇచ్చేది, పనికి తగిన ప్రతిఫలం కూడా ఇచ్చేది.

విద్యార్థి రాయబారి పని ఎట్లా సాగుతుందో గమనిస్తే, అందులోని శ్రమ అర్థమవుతుంది. ముందుగా అతడు తాను చెప్పబోయే సాఫ్ట్‌వేర్‌ను తన కంప్యూటరులో పెట్టుకొని, కొన్నాళ్ళపాటు వాడి చూడాలి. తనకు రానిదానిని ఇతరులకు చెప్పబోతే మొదటి ప్రశ్నకే నోరు కట్టుబడిపోతుంది. తరువాత అధ్యాపకుని అనుమతి, సమావేశానికి గది, ప్రొజెక్టరు సంపాదించాలి. సమావేశంలో ఉపన్యాసం కొద్దిసేపే ఉండాలి. చేసి చూపించేది ఎక్కువగా ఉండాలి. ఆ తరువాత అసలు పని మొదలవుతుంది. వచ్చినవారి కంప్యూటర్లలో ఒక్కొక్కదానిలో ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించి, అది నడిచేదాకా పక్కన కూర్చోవాలి.

ఈ చివరి పనిలో జాగ్రత్త చాలా అవసరం. కంప్యూటరులో అంతకుముందే ఒక ఆపరేటింగ్ సిస్టం ఉంటుంది. ఫొటోలు, రాసుకున్న ప్రాజెక్టులు ఉంటాయి. రెండవ ఆపరేటింగ్ సిస్టంకు చోటు కల్పించాలంటే హార్డ్ డిస్కును భాగాలుగా విభజించాలి. అక్కడ ఒక్క పొరపాటు జరిగితే మిత్రుని ఏడాది శ్రమ తుడిచిపెట్టుకుపోతుంది. అందుచేత నేర్పుగల రాయబారులు ముందుగా విలువైన ఫైళ్ళకు ప్రతులు తీయించేవారు. భయపడేవారికి లైవ్ సి.డి. చూపించేవారు. ఆ సి.డి.తో కంప్యూటరును నడిపితే హార్డ్ డిస్కు జోలికి పోకుండానే కొత్త ఆపరేటింగ్ సిస్టం పనిచేస్తుంది. సి.డి. తీసివేస్తే కంప్యూటరు మళ్ళీ ఎప్పటిలాగే ఉంటుంది. నచ్చితే ఉంచుకోవచ్చు, లేకపోతే లేదు. ఎదుటివారి భయాన్ని తేలికచేసి మాట్లాడకుండా, దానిని పోగొట్టే దారి చూపడం మంచి రాయబారి లక్షణం.

సమావేశాలలో ఎదురయ్యే ప్రశ్నలు ఇంచుమించు అన్నిచోట్లా ఒక్కటే. ‘ఊరికే ఇచ్చేదానికి విలువేముంటుంది?’ అని కొందరు అడుగుతారు. బావి నీటికి వెల లేనంతమాత్రాన విలువ లేకపోలేదు. ఈ సాఫ్ట్‌వేర్ వెనుక ఎందరో నిపుణుల శ్రమ ఉంది. వారిలో చాలామందికి జీతాలిచ్చే సంస్థలు కూడా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌ను అమ్మి కాక, దానిని నడపడంలో సహాయం చేసి ఆ సంస్థలు సంపాదిస్తాయి. ‘పాడైతే ఎవరిని అడగాలి?’ అని మరికొందరు అడుగుతారు. తయారుచేసినవారినే నేరుగా అడగవచ్చు. వారు చేయకపోతే, తెలిసిన మరొకరిచేత చేయించుకోవచ్చు. సోర్స్ కోడ్ చేతిలో ఉంది కాబట్టి ఒక్కరిమీదనే ఆధారపడవలసిన అవసరం లేదు.

‘అందరికీ కనిపించే కోడ్‌లో దొంగలు లోపాలు వెతకరా?’ అనేది అన్నింటికంటె గట్టి ప్రశ్న. దొంగలకు కనిపించే లోపం మంచివారికీ కనిపిస్తుంది, త్వరగా బాగుపడుతుంది అని సాధారణంగా జవాబు చెబుతారు. ఈ జవాబు నిజమే గాని, పూర్తి నిజం కాదు. ఇంటర్నెట్టులో రహస్యాలను కాపాడే ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం 2014 ఏప్రిల్‌లో బయటపడింది. ఆ లోపం 2012 నుంచీ అందులోనే ఉంది. ప్రపంచమంతా దానిని వాడింది గాని, కోడ్‌ను శ్రద్ధగా చదివినవారు కొద్దిమందే. తలుపు తెరిచి ఉంచినంతమాత్రాన ఎవరో ఒకరు వచ్చి ఇల్లు ఊడుస్తారనుకోవడం పొరపాటు. చదివే హక్కు అందరికీ ఉంటే చాలదు, చదివేవారు కావాలి. ఈ మాట కూడా చెప్పినవాడే నమ్మదగిన రాయబారి.

విద్యార్థి రాయబారికి మరొక ధర్మసంకటం కూడా ఉంది. ప్రతిఫలం ఇచ్చే సంస్థ తన వస్తువునే పొగడాలని ఆశించడం సహజం. మిత్రులు మాత్రం నిజం చెప్పాలని ఆశిస్తారు. ఒక పనికి తన సంస్థ వస్తువుకంటె మరొకటి మేలైనదని తెలిసినప్పుడు అతడు ఏం చెప్పాలి? పొగడ్తనే పనిగా పెట్టుకుంటే అతడు అమ్మకందారు అవుతాడు. నిజం చెబితే సంస్థకు కొంత నష్టం కలగవచ్చు గాని, మిత్రుల నమ్మకం నిలుస్తుంది. సంస్థతో సంబంధం కొన్నాళ్ళే ఉంటుంది. మిత్రులతో సంబంధం జీవితాంతం ఉంటుంది.

సన్ సంస్థ విషయంలో ఇది త్వరలోనే రుజువయింది. సంస్థ ఆర్థికంగా దెబ్బతిన్నది. 2009 ఏప్రిల్‌లో దానిని కొంటున్నట్లు ఒరాకిల్ సంస్థ ప్రకటించింది. 2010 జనవరిలో కొనుగోలు పూర్తయింది. ఆ ఏడాది ఆగస్టులో ఓపెన్ సొలారిస్ నిలిచిపోయింది. అప్పటిదాకా కళాశాలలలో దానిని గురించి చెబుతూ వచ్చిన విద్యార్థుల పరిస్థితి ఊహించుకోవచ్చు. ‘మీరు చెప్పింది నమ్మి నేర్చుకున్నాం, ఇప్పుడు అది లేదంటున్నారు’ అని మిత్రులు అడిగితే జవాబు ఏమిటి?

ఆ జవాబును ఓపెన్ సోర్స్ పద్ధతే ఇచ్చింది. అప్పటికే బయటికి వచ్చిన కోడ్‌ను ఎవరూ వెనక్కి తీసుకోలేరు. 2010 ఆగస్టులోనే ఓపెన్ సొలారిస్ కోడ్ ఆధారంగా ఇల్యూమోస్ అనే కొత్త ప్రాజెక్టు మొదలయింది. అది నేటికీ నడుస్తున్నది. సమాచారం చెడిపోకుండా కాపాడే జడ్.ఎఫ్.ఎస్. అనే ఏర్పాటు సొలారిస్ కోసం తయారైనదే. అది ఓపెన్ జడ్.ఎఫ్.ఎస్. పేరుతో లినక్స్ మీద కూడా పనిచేస్తున్నది. 2010 సెప్టెంబరులో ఓపెన్ ఆఫీస్ కార్యకర్తలు అనేకులు విడిగా వచ్చి లిబ్రె ఆఫీస్‌ను ప్రారంభించారు. సన్ 2008లో కొన్న మై ఎస్.క్యూ.ఎల్. అనే డేటాబేసు కూడా ఒరాకిల్ చేతికి వెళ్ళింది. దాని మూలకర్త మైకేల్ విడేనియస్ అదే కోడ్‌తో 2009లోనే మరొక డేటాబేసును ప్రారంభించాడు. మొదటిదానికి తన పెద్దకూతురు ‘మై’ పేరు పెట్టిన ఆయన, రెండవదానికి చిన్నకూతురు ‘మరియా’ పేరు పెట్టాడు. అదే మరియా డీబీ.

సంస్థ పేరు మాసిపోయింది, పని నిలిచింది. తాటాకుల మీద యోగం రాసిపెట్టిన వైద్యుని మందు ఆయన తరువాత కూడా నిలిచినట్లే ఇది. సంస్థ పేరునే ప్రచారం చేసిన రాయబారి మాటలు ఆ సంస్థతోపాటు పోయాయి. కోడ్‌ను చదవడం, సవరించడం, ఇతరులతో కలిసి పనిచేయడం నేర్పిన రాయబారి మాటలు పోలేదు.

ప్రతిఫలం లేకుండా ఈ పని చేసిన విద్యార్థులు ఇంతకంటె ఎక్కువమంది. లినక్స్ వాడేవారి సంఘాలు మన దేశంలోని అనేక నగరాలలో, కళాశాలలలో ఏర్పడ్డాయి. ఇంటర్నెట్టు సౌకర్యం అంతగా లేని రోజుల్లో ఉబుంటు అనే లినక్స్ సి.డి.లను దాని తయారీదారులు అడిగినవారికి తపాలాలో ఉచితంగా పంపేవారు. ఈ ఏర్పాటు 2011 వరకు సాగింది. ఒక సి.డి. వస్తే దానిని చేతులు మార్చుకుంటూ వసతిగృహమంతా వాడుకునేవారు. 2004 నుంచి ఏటా సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛా దినోత్సవాన్ని అనేక దేశాలలో జరుపుతున్నారు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే సంస్థ ‘స్వేచ్ఛ’ అనే పేరునే పెట్టుకొని, ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులను కూడగట్టి, తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టంను రూపొందించింది. ముంబయి ఐ.ఐ.టి. వారు స్పోకెన్ ట్యుటోరియల్ అనే ప్రణాళిక కింద, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ నేర్పే చిన్నచిన్న దృశ్యపాఠాలను తెలుగుతోసహా అనేక భారతీయ భాషలలో తయారుచేయించారు.

తెలుగు మాట ఇక్కడ ఊరికే రాలేదు. ఒక భాషలో సాఫ్ట్‌వేర్ తయారుచేయాలా వద్దా అని వ్యాపారసంస్థ ఆలోచించేటప్పుడు, కొనేవారు ఎందరని లెక్క చూస్తుంది. లెక్క కుదరకపోతే ఆ భాష ఆగిపోతుంది. ఓపెన్ సోర్స్‌లో ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడవలసిన పని లేదు. ఆ భాష తెలిసి, శ్రమపడే నలుగురు ఉంటే చాలు. ఫైర్‌ఫాక్స్, లిబ్రె ఆఫీస్ వంటివి తెలుగులో కనిపించడం వెనుక ఇట్లా స్వచ్ఛందంగా అనువదించినవారి కృషి ఉంది. బళ్ళారిలో, హోసూరులో, బరంపురంలో, షోలాపురంలో, యానాంలో పుట్టి పెరిగిన తెలుగు విద్యార్థి కూడా ఈ పనిలో పాలుపంచుకోవచ్చు. దానికి ఊరూ రాష్ట్రమూ అడ్డం కావు.

అనువాదం చేసేవారికి మాటల ఎంపిక పెద్ద పరీక్ష. ‘ఫైల్’ను అట్లాగే ఉంచాలా, ‘దస్త్రం’ అనాలా? దస్త్రం ఒకప్పుడు కరణాల ఇళ్ళలో నిత్యం వినిపించిన మాట. తెలుగు వికీపీడియా దానినే తీసుకుంది. ‘సేవ్’కు ‘భద్రపరచు’ అనేది కుదిరింది. కొన్ని మాటలకు మాత్రం ఎంత వెతికినా జనం నోట నలిగిన తెలుగు మాట దొరకదు. అప్పుడు ఉన్న మాటనే తెలుగు లిపిలో రాయడం మేలు. మరీ సంస్కృతమైన మాటను పుట్టిస్తే అది తెరమీద కనిపిస్తుంది గాని ఎవరి నోటా నిలవదు.

భాషకు కావలసిన సాధనాలను ఎవరో తయారుచేసి ఇస్తారని కూర్చోకుండా, తామే పూనుకొన్నవారు తెలుగువారిలో ముందే ఉన్నారు. ఇప్పటి ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తిగారు, పుస్తకాలే లేని సవర భాషను నేర్చుకొని, దానికి వ్యాకరణం, నిఘంటువు రచించారు. ఆయన పేరుతో ‘గిడుగు’ అనే తెలుగు ఫాంటు ఈనాడు ఉంది. గురజాడ, ధూర్జటి, పెద్దన, తిమ్మన పేర్లతోనూ ఫాంట్లు ఉన్నాయి. ఇవన్నీ స్వేచ్ఛగా వాడుకోవడానికి, మార్చుకోవడానికి, పంచుకోవడానికి వీలుగా విడుదలైనవే. ఒక పాఠశాల తన పత్రికను ఈ అక్షరాలతో ముద్రించుకోవడానికి ఎవరికీ పైకం కట్టనవసరం లేదు.

ప్రోగ్రాములు రాయడం వచ్చినవారే ఈ పనికి తగినవారని అనుకోరాదు. సాఫ్ట్‌వేర్‌లో కనిపించిన తప్పును తయారుచేసినవారికి సరిగా తెలియజేయడం కూడా విలువైన సేవే. ‘ఇది పనిచేయడం లేదు’ అని ఒక్కముక్క రాస్తే ఎవరికీ ప్రయోజనం లేదు. ఏం చేస్తుండగా జరిగింది, ఏం జరగాలని అనుకున్నాం, నిజానికి ఏం జరిగింది అనే మూడు సంగతులు వరుసగా రాయాలి. తెలుగు ఒత్తులు తెరమీద చెదిరి కనిపిస్తే, ఏ పదంలో, ఏ ఫాంటులో చెదిరిందో చెప్పాలి. ఆ ఒత్తు తప్పని గుర్తించగలిగేది తెలుగు చదవడం వచ్చిన కళ్ళే. ఎంత గొప్ప ప్రోగ్రామరైనా తెలుగు రాకపోతే దానిని పట్టుకోలేడు.

రాయబారం సఫలమయిందా లేదా అనేది ఒక్క సభతో తేలదు. గది నిండా జనం వచ్చి చప్పట్లు కొట్టి వెళ్ళిపోవచ్చు. నలుగురే వచ్చి, అందులో ఒకరు ఆ రాత్రి ఇంటికి వెళ్ళి కోడ్ తెరిచి చదవడం మొదలుపెట్టవచ్చు. ఆ ఒక్కరు మరునాడు మరొకరికి చెప్పవచ్చు. విద్యాదానంలో ఇచ్చినవారికి తరుగు లేదు, పుచ్చుకున్నవారికి రుణం ఉంది. ఆ రుణం తీరే దారి ఒక్కటే, తాను నేర్చుకున్నది దాచకుండా మరొకరికి నేర్పడం.

పదాలు – అర్థాలు

ఘట్టం: సన్నివేశం
పక్షం: వైపు, తరఫు
యోగం: మందులో కలిపే పదార్థాల కూర్పు
ధర్మసంకటం: రెండు కర్తవ్యాల మధ్య ఏది చేయాలో తోచని స్థితి
ప్రతిఫలం: చేసిన పనికి ఇచ్చే సొమ్ము
పూనుకొను: సంకల్పించి పనికి దిగు
స్వచ్ఛందంగా: ఎవరి బలవంతమూ లేకుండా, తన ఇష్టంతో

ప్రశ్నలు

1. సోర్స్ కోడ్ అంటే ఏమిటి? పాఠంలో చెప్పిన ఇద్దరు వైద్యుల పోలికతో వివరించండి.
2. ప్రింటరు విషయంలో స్టాల్‌మన్‌కు ఎదురైన అనుభవాన్ని సొంతమాటలలో రాయండి. నాలుగు స్వేచ్ఛలు ఏవి?
3. సన్ సంస్థ చేతులు మారిన తరువాత ఏవి నిలిచాయి? ఎందువల్ల నిలిచాయి?
4. ‘చదివే హక్కు అందరికీ ఉంటే చాలదు, చదివేవారు కావాలి.’ ఈ మాటను హార్ట్‌బ్లీడ్ లోపంతో సమర్థించండి.
5. ప్రతిఫలం తీసుకునే రాయబారి నిష్పక్షపాతంగా మాట్లాడగలడా? మీ తరగతిలో చర్చించి, ఇరుపక్షాల వాదనలను రాయండి.

భాషాంశాలు

1. కింది పదాలను విడదీసి, సంధి పేరు రాయండి: విద్యార్థి, విద్యాలయం, స్వేచ్ఛ.
2. మీ ఇంట్లో పెద్దలు వాడే పాత మాటలలో కంప్యూటరు పనులకు పనికివచ్చేవాటిని ఐదింటిని సేకరించండి. ఒక్కొక్కదానిని దేనికి వాడవచ్చో రాయండి.